గట్టి కమాన్లు

కామేశ్వరమ్మగారు "అబ్బా" అన్నారు. ఆ ఒక్క మాటతో శ్రీపతి కారుకు ఉరిశిక్ష పడింది.

నేరం జరిగిన చోటు ఆక్లండులోని మౌంట్ ఆల్బర్ట్‌లో శ్రీపతి ఇంటికి నాలుగు వీధుల అవతల ఉన్న స్పీడ్ బ్రేకరు. నేరం చేసినది ఆస్ట్రేలియావాళ్లు డెబ్బై మూడులో తయారుచేసిన నారింజరంగు కారు. రెండే తలుపులు, వి-ఎయిట్ ఇంజను, చుట్టుపక్కల కిటికీలన్నీ గజగజలాడేంత గొంతు. ఇలాంటివాటిని మజిల్ కార్లంటారు. అంటే కండలున్న కార్లని అర్థం. ఆ కండలన్నీ ముందువైపే ఉంటాయి. వెనక చక్రాల దగ్గరికి వచ్చేసరికి తయారుచేసినవాళ్లకి ఓపిక అయిపోయి, ఎడ్లబండి శాస్త్రంతో సరిపెట్టేశారు.

శ్రీపతి దానికి ఐరావతం అని పేరు పెట్టుకున్నాడు. అతని భార్య నిరుపమ దున్నపోతు అనేది. ఇద్దరూ ఒకే జంతువు గురించి మాట్లాడుతున్నారని కొత్తవాళ్లకు తెలియడానికి కొంత సమయం పట్టేది.

యాభయ్యో పుట్టినరోజు దాటాక అతని స్నేహితులందరికీ బీపీ వచ్చింది. శ్రీపతికి ఈ కారు వచ్చింది. ఏది తక్కువ ప్రమాదమో డాక్టర్లు ఇంకా తేల్చలేదు. హనుమకొండలో పుట్టి, హైదరాబాదులో చదివి, ఆక్లండులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరుగా స్థిరపడ్డవాడు. వారమంతా మీటింగుల్లో కూర్చుని, ఎవరేమన్నా తల ఊపడం అతని ఉద్యోగం. ఇంట్లోనూ దాదాపు అదే ఉద్యోగం, జీతం ఉండదు, అంతే తేడా. ఆదివారం పొద్దున కారు తాళం తిప్పినప్పుడు మాత్రం వీధి వీధంతా ఉలిక్కిపడి లేచేది. తన వల్ల ఎవరైనా ఉలిక్కిపడటం అతని జీవితంలో అదొక్కటే. కాబట్టి దాన్ని వదులుకోవడమంటే అతనికి ప్రాణం పోవడమే.

నిరుపమ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఊళ్లోవాళ్ల వెన్నెముకలన్నీ సరిచేసే మనిషి కన్నతల్లి వెన్నెముక, సొంత మొగుడి కారులో విరిగిందంటే పరువేం కావాలి? కామేశ్వరమ్మగారు కాకినాడ నుంచి ఆర్నెల్ల వీసా మీద కూతుర్ని చూడటానికి వచ్చారు. ఆవిడ నడుమునొప్పి అంతకు పదేళ్ల ముందే వచ్చింది, దానికి వీసా అక్కర్లేదు.

ఆ సాయంత్రం తల్లికి వేడినీళ్ల కాపడం పెట్టి వచ్చి, నిరుపమ తీర్పు చదివింది.

"రెండు వారాలు టైమిస్తున్నా. వచ్చే శనివారం కాదు, ఆపై శనివారం న్యూ లిన్‌లో ఇందిరాదేవి ఆంటీ ఇంట్లో పారాయణం ఉంది. అమ్మని మీ దున్నపోతు మీదే తీసుకెళ్దాం. పోనూ రానూ అమ్మ నోట్లోంచి ఒక్క 'అబ్బా' వచ్చిందా, ఆ లోవర్ హట్ ఆయనకి నేనే ఫోన్ చేస్తా."

లోవర్ హట్ ఆయనంటే, ఆ ఊళ్లో ఉండే ఒక రిటైరైన ప్లంబరు. ఏదో ప్రదర్శనలో ఈ కారును చూసి మనసు పారేసుకుని, నెలకోసారి ఫోన్ చేసి అమ్ముతావా అని అడిగేవాడు. నా కారుకు ఎంత గిరాకీ ఉందో చూడు అని ఆ ఫోన్లన్నీ భార్యకు వినిపించి మురిసిపోయినవాడు శ్రీపతే. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో అతనికి ఇప్పుడు తెలిసింది.

"గదేం కండిషన్ నిరుపమా? అత్తమ్మ కుర్చీల కూసున్నా అబ్బా అంటది కదా."

"కుర్చీని అమ్మేయమని నేను అడగట్లేదుగా" అంది నిరుపమ.

కేసు ముగిసింది.

* * *

శ్రీపతికి ఇలాంటి ఆపదల్లో గుర్తొచ్చే పేరు యెహెజ్కేలు. బాపట్ల మనిషి. న్యూ లిన్‌లో ఒక వృద్ధాశ్రమంలో నర్సు. అతని భార్య ఫ్లోరెన్స్ కూడా అక్కడే పనిచేస్తుంది. యెహెజ్కేలుకు ఒక గ్యారేజీ, అందులో ఒక జాకీ, నోట్లో ఎన్నటికీ తరగని ఆత్మవిశ్వాసం ఉన్నాయి. మూడింటిలో జాకీ ఒక్కటే అప్పుడప్పుడు మొరాయించేది. ముసలివాళ్లను మంచం మీద నుంచి నొప్పి తెలియకుండా ఎత్తడం వచ్చినవాడికి ముసలి కారును ఎత్తడం ఎంత పని అని అతని వాదన.

ఇద్దరూ కారు కిందికి టార్చి వేసి చూశారు. వెనక ఇరుసుకు చెరోవైపు ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, విల్లులా వంచి బిగించిన కట్టలు కనిపించాయి. లారీల కింద అందరూ చూసేవే. మనవాళ్లు వాటిని కమాన్లంటారు. ఈ కమాన్లు యాభై ఏళ్లు మోసి మోసి, విల్లు కాస్తా గడకర్రలా సాగిపోయాయి. రబ్బరు బుషులు బెల్లంపాకం ముద్దల్లా ఉన్నాయి. షాకబ్జార్బర్లలో షాకు ఉంది, అబ్జార్బరు లేదు.

శ్రీపతి అప్పటికే ఇంటర్నెట్టులో సస్పెన్షన్ మీద పీహెచ్‌డీ పూర్తిచేశాడు. కమాన్లు పీకేసి, రాడ్లూ చుట్టల స్ప్రింగులూ పెట్టి అమరికంతా మార్చేద్దామన్నాడు. అలా మారిస్తే ప్రభుత్వం ఒప్పుకున్న ఇంజినీరు వచ్చి, చూసి, కొలిచి, సరేనన్నాకే రోడ్డెక్కాలి. ఆ సరే రావడానికి పట్టే కాలంలో కామేశ్వరమ్మగారు కాకినాడ వెళ్లి, మళ్లీ వీసా వేయించుకుని రావచ్చు. కాబట్టి పాతవి తీసి కొత్త కమాన్లే వేయాలని ఇద్దరు నిపుణులూ తేల్చారు.

మర్నాడు టిఫిను దగ్గర ఈ సంగతి విని అత్తగారు కూడా ఒక సాంకేతిక సలహా ఇచ్చారు.

"ఎలాగూ వేయిస్తున్నారు కదా బాబూ, మాంఛి గట్టివి వేయించండి. పదికాలాలపాటు ఉంటాయి."

కథంతా ఈ మాట దగ్గరే అడ్డం తిరిగింది. తెలుగులో గట్టి మంచం అంటే విరగని మంచం. గట్టి మనిషి అంటే నమ్మదగ్గ మనిషి. గట్టి సంబంధం అంటే పెళ్లిచూపులకు ముందే ఖాయమైపోయిన సంబంధం. మన భాషలో గట్టితనానికి చెడ్డపేరే లేదు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు అంత గౌరవం దక్కుతుందో లేదో అని శ్రీపతి ఆలోచించలేదు. ఊరికి దక్షిణాన ఉన్న విడిభాగాల దుకాణానికి వెళ్లి, కౌంటరు దగ్గరున్న గడ్డం మనిషితో, మీ దగ్గరున్నవాటిలోకెల్లా గట్టి స్ప్రింగులు కావాలని, ఇంగ్లీషులో, స్పష్టంగా అడిగాడు.

గడ్డం మనిషి ముఖం వెలిగిపోయింది. చాలాకాలానికి ఒక మగాడు దుకాణంలో అడుగుపెట్టాడన్నట్టు చూశాడు. తర్వాత గబగబా ఏవేవో ప్రశ్నలు వేశాడు. కివీలు, అంటే ఆ దేశంవాళ్లు, మాట్లాడేటప్పుడు అచ్చులు మింగేస్తారు. ఇరవై ఏళ్లుగా ఉంటున్నా శ్రీపతికి సగం మాటలు అర్థంకావు. మళ్లీ చెప్పమని అడగడం నామోషీ. అందుకని అర్థంకానప్పుడల్లా నవ్వుతూ యెస్ అనడం అలవాటు చేసుకున్నాడు. ఈ అలవాటు వల్లే ఒకసారి రెండు జిమ్ముల్లో ఏకకాలంలో సభ్యుడయ్యాడు. ఇప్పుడు కూడా మూడుసార్లు యెస్ అన్నాడు. అందులో ఒక ప్రశ్న, నువ్వు రేసుల్లో పాల్గొంటావా అని. ఇంకొకటి, కారు రోడ్డు మీద కన్నా ట్రాకు మీదే ఎక్కువ నడుస్తుందా అని. మూడోది ఇప్పటికీ తెలియదు.

ఆ విధంగా, గీత దగ్గర నుంచి బాణంలా దూసుకుపోయే రేసు కార్ల కోసం చేసిన ఉక్కు కమాన్లు, నడుమునొప్పి ఉన్న కాకినాడ పెద్దావిడ నిమిత్తం కొనబడ్డాయి.

* * *

శనివారం పొద్దున యెహెజ్కేలు గ్యారేజీలో శస్త్రచికిత్స మొదలైంది. జాకీ పట్టడానికి మూడో మనిషి కావాలని పక్కింటి గ్రాహంను పిలిచారు. గ్రాహం జీవితమంతా రగ్బీ చూసినవాడు. పిలవగానే వచ్చాడు, చెప్పింది చేస్తానన్నాడు. ఆ మాట మీద నిలబడ్డాడు కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది.

కారు శరీరం స్టాండ్ల మీద నిలబడి ఉంది. ఇరుసు జాకీ మీద ఆనుకుని ఉంది. కింద పడుకున్న యెహెజ్కేలు బోల్టులు విప్పి, జాకీని గోరంత దించమన్నాడు. గ్రాహం గోరంత దించాడు. అప్పుడు యెహెజ్కేలుకు కనిపించింది, ఎడమవైపు కమాను వెనక కొస ఇంకా పట్టులోనే ఉంది, వదిలితే తన్నేలా వంగి ఉంది. అలాంటప్పుడు ఎవరికైనా మాతృభాషే వస్తుంది.

"కమాను! అన్నా, కమాను! కమాను!" అని అరిచాడు.

గ్రాహంకు అందులో ఒక్క ముక్క అర్థమైంది. కమాన్. మైదానం పక్కన నిలబడి వేలసార్లు తనే అరిచిన మాట అది. ఒక మనిషి కారు కింద పడుకుని అంత ప్రాణం పెట్టి ఉత్సాహపరుస్తుంటే ఎవరు మాత్రం వెనకాడతారు? జాకీని ఒక్కసారిగా వదిలేశాడు.

యెహెజ్కేలు బయటికి దొర్లిన వేగం వృద్ధాశ్రమంలో ఎవరూ ఎన్నడూ చూసి ఉండరు. ఇరుసు దిగబడింది. కమాను ఒక్క తన్ను తన్ని పట్టు నుంచి ఊడింది. మధ్య బోల్టు తెగి, పట్టీలు విసనకర్రలా విచ్చుకుని, ఒకటి వెళ్లి ఫ్లోరెన్స్ వాషింగ్ మెషిన్ తలుపును పలకరించింది. దుమ్ము సర్దుకున్నాక గ్రాహం చేతులు దులుపుకుంటూ, సరిపోయేంత త్వరగా దించానా అని వినయంగా అడిగాడు.

మనుషులకు ఏమీ కాలేదు. ఒక చెప్పు మాత్రం అమరమైంది. కాని పాత కమాను ముక్కలైంది కాబట్టి, కొత్తవి నచ్చకపోతే పాతవే వేసుకుందామన్న దారి మూసుకుపోయింది. ఎవరికీ అప్పుడు ఆ సంగతి పట్టలేదు. సాయంత్రానికి కొత్త కమాన్లు, కొత్త బుషులు, కొత్త షాకబ్జార్బర్లు బిగిశాయి. కారు వెనకభాగం కాస్త పైకి లేచి, పరుగుపందానికి వంగిన పిల్లాడిలా నిలబడింది. శ్రీపతి దాని చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాడు. ఫ్లోరెన్స్ తన వాషింగ్ మెషిన్ చుట్టూ ఒకటి చేసింది. ఆ తర్వాత యెహెజ్కేలు బట్టలు వారం రోజులు యెహెజ్కేలే చేత్తో ఉతుక్కున్నాడు.

స్నేహితులిద్దరూ కారెక్కి వీధి చివరి స్పీడ్ బ్రేకరు దాకా వెళ్లారు.

దాని మీదికి ఎక్కింది కారే. ఎగిరింది మాత్రం మనుషులు. శ్రీపతి తల కప్పుకు తగిలింది, నాలుక పళ్ల మధ్య నలిగింది. యెహెజ్కేలు "యేసయ్యా" అన్నాడు. వెనకసీట్లో పెట్టిన పనిముట్ల సంచి ముందుసీట్లోకి వచ్చి కూర్చుంది.

పాత కమాన్లు కనీసం సగం దెబ్బ తిని సగం ఇచ్చేవి. ఇవి తినేరకం కాదు, మొత్తం మీకే వడ్డించేరకం. శ్రీపతి దుకాణానికి ఫోన్ చేశాడు. మెత్తటి కమాన్లు ఆస్ట్రేలియా నుంచి రావాలి, నెల పడుతుంది అన్నాడు గడ్డం మనిషి. రేసెలా సాగుతోంది అని కూడా అడిగాడు. శ్రీపతి అలవాటు కొద్దీ యెస్ అన్నాడు.

* * *

ఉరికి వారం ఉందనగా యెహెజ్కేలుకు తన యవ్వనం గుర్తొచ్చింది.

హైదరాబాదు నుంచి రాత్రిళ్లు లారీ వెనక ఎక్కి ఊరికెళ్లేవాడట. ఖాళీ లారీ ఎక్కితే తెల్లారేసరికి ఎముకలన్నీ వేరువేరుగా ఏరుకోవాల్సి వచ్చేది. అదే లారీ ధాన్యం బస్తాలతో వెళ్తుంటే ఉయ్యాల్లో పడుకున్నట్టు నిద్రపోయేవాడు. ఈ జ్ఞాపకాన్ని అతను వాషింగ్ మెషిన్‌కు తలుపు కొక్కెం బిగిస్తూ, వేరే ఏ ఉద్దేశమూ లేకుండా చెప్పాడు. అరగంటసేపు సస్పెన్షన్ మీద అతను చెప్పిన మిగతా సిద్ధాంతాలన్నీ తప్పే. ఇదొక్కటి పొరపాటున నిజమైంది.

"అంటే ఏందన్నా? బరువేస్తే మెత్తగైతదా?"

"వంగుద్దన్నా. బరువు లేకపోతే అది వంగదు, మనల్నే వంచుద్ది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తెలుగువాడికి బరువంటే గుర్తొచ్చేది ఒక్కటే.

ఇండియన్ దుకాణంలో ఇరవై కిలోల సోనామసూరి బస్తాలు ఎనిమిది తీసుకున్నారు. దుకాణదారు పెళ్లా అని అడిగాడు. శ్రీపతి గొంతు తగ్గించి, కాదన్నాడు. అతను గొంతు తగ్గించడమే అనర్థమైంది. పెళ్లి లేకుండా ఎనిమిది బస్తాలు కొన్నాడంటే, అదీ గుసగుసగా, తెలిసినవాడెవడో ఏదో చెప్పి ఉండాలి. సాయంత్రానికి ఆక్లండ్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో, ఇండియా బియ్యం ఎగుమతి మళ్లీ ఆపేస్తోందట అని వార్త వచ్చింది. రాత్రికి అది నమ్మదగిన వర్గాల సమాచారం అయింది. మర్నాటికి మౌంట్ ఆల్బర్ట్‌లో, న్యూ లిన్‌లో ఎక్కడా సోనామసూరి గింజ దొరకలేదు. నిరుపమ మూడు దుకాణాలు తిరిగి ఖాళీ చేతులతో వచ్చి, ఎవరో దౌర్భాగ్యుడు బియ్యమంతా దాచేశాడని తిట్టిపోసింది. ఆ దౌర్భాగ్యుడు ఎదురుగా కూర్చుని, అవునవును అంటూ చపాతీ తిన్నాడు.

డిక్కీలో బస్తాలు సర్ది నడిపి చూస్తే మాత్రం కారు మెత్తగా, తొణక్కుండా, నిండుగర్భిణిలా నడిచింది.

* * *

శనివారం వచ్చింది. నిరుపమ ముందుసీట్లో కూర్చుంది. కామేశ్వరమ్మగారు వెనకసీటు మధ్యలో, నడుముకు ఒక దిండు పెట్టుకుని, చేతిలో పారాయణం పుస్తకంతో కూర్చున్నారు. తన నోట్లోంచి వచ్చే రెండక్షరాల మీద ఒక ఇంజను బతుకు వేలాడుతోందని ఆవిడకు తెలుసు. కూతురు ముందే చెప్పింది. అల్లుడు చెప్పలేక, రెండు వారాలుగా రోజూ కాఫీ కలిపి ఇచ్చాడు.

మొదటి స్పీడ్ బ్రేకరు. ముందు చక్రాలు ఎక్కి దిగాయి. వెనక చక్రాలు ఎక్కి దిగాయి. అద్దంలో అత్తగారి పెదవులు కదిలాయి. శ్రీపతి కాలు బ్రేకు మీదికి వెళ్లింది. ఆవిడ పుస్తకంలో శ్లోకం చదువుకుంటున్నారు.

రెండోది. మూడోది. కారు పడవలా తేలింది. నిరుపమ వెనక్కి తిరిగి, నొప్పిగా ఉంటే మొహమాటపడకు అని తల్లికి గుర్తుచేసింది. అద్దంలో అల్లుడు చూసిన చూపులో మాత్రం ఒక జన్మకు సరిపడా మొహమాటం ఉంది.

రైలు పట్టాల దగ్గర గేటు పడి ఉంది. రైలు వెళ్లింది, గేటు లేచింది. పట్టాలు దాటుతున్నప్పుడు డిక్కీలో బస్తాలు ఒకదానిమీదికి ఒకటి ఒరిగి, మెత్తగా ధడేల్మన్నాయి. అదేంటి అంది నిరుపమ. శ్రీపతి కొత్త బుషులు సర్దుకుంటున్నాయన్నాడు. కామేశ్వరమ్మగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

న్యూ లిన్‌లో ఇందిరాదేవిగారి అపార్ట్‌మెంటు ముందు కారు ఆగేసరికి, శ్రీపతి చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. సగం దూరం గెలిచాడు.

పారాయణం జరిగింది, ప్రసాదం అయింది. శ్రీపతి పులిహోర రెండుసార్లు వేయించుకున్నాడు. అంతటితో కథ సుఖాంతమయ్యేదే. కాని ఇందిరాదేవిగారు తన బాల్కనీ తొట్టిలో కాయించిన బూడిదగుమ్మడికాయను కామేశ్వరమ్మగారి చేతిలో పెట్టారు. నిరుపమ దాన్ని తీసుకుని తిన్నగా కిందికి, కారు వెనక్కి నడిచింది. ఆడవాళ్లందరూ సాగనంపడానికి వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"డిక్కీ తీయండి."

"జర టైటుగున్నది నిరుపమా. కాయ ఒళ్లె పెట్టుకుంట తియ్."

"కారు నడుపుతూ గుమ్మడికాయ ఒళ్లో పెట్టుకుంటారా? తీయండి."

తీశాడు.

ఎనిమిది బస్తాలు వెలుతురు చూశాయి. పారాయణం బృందమంతా ఆనందంతో కలకలలాడింది. వారంగా ఊళ్లో దొరకని బియ్యం. కామేశ్వరమ్మగారు, మా అల్లుడిగారికి ఎంత ముందుచూపో అని కళ్లు తుడుచుకున్నారు. నిరుపమ మాత్రం బస్తాల వంక చూసింది, వెనక చక్రాల వంక చూసింది, మొగుడి వంక చూసింది. బరువు ఎక్కడ పడితే ఎక్కడ నొప్పి తగ్గుతుందో రోజంతా లెక్కగట్టే మనిషి ఆవిడ.

"ఆంటీ, ఇవన్నీ మీ అందరికోసమే తెచ్చారు" అంది చల్లగా. "ఇంటికో బస్తా. దించేయండి శ్రీపతిగారూ. మనం తేలిగ్గా వెళ్దాం."

పేరు పెట్టి, గారు తగిలించిందంటే ఇక అప్పీలు లేదు. శ్రీపతి బస్తాలు ఒక్కొక్కటే భుజానికెత్తుకుని లిఫ్టు దాకా మోశాడు. ప్రతి బస్తాతో కారు వెనకభాగం కొంచెం కొంచెం పైకి లేస్తోంది, తలారి ఉరితాడు పైకి లాగుతున్నట్టు. ముత్తైదువలందరూ దీవించారు. నూరేళ్లు చల్లగా ఉండమన్నారు. అతని దృష్టిలో ఇంకో ఇరవై నిమిషాలు చాలు.

ఆఖరి బస్తా లిఫ్టులో దించి, బయట నిలబడి చెమట తుడుచుకుంటుండగా, పక్కనున్న ఒక పెద్దావిడ ట్రైను టైము చూసుకుంటూ కనిపించారు. రాజ్యంగారు. మౌంట్ ఆల్బర్ట్‌లోనే ఉంటారు. దేవుడి నైవేద్యం ఏనాడూ వృథా కానివ్వని మనిషి. పైన మరిచిపోయిన ప్రసాదం డబ్బా కోసం ఆవిడ లిఫ్టులోకి అడుగుపెట్టినప్పుడు లిఫ్టు మర్యాదగా ఒకసారి కిందికి వంగింది.

శ్రీపతి ఆ వంగడం చూశాడు. యాభై ఏళ్ల జీవితంలో అంత వేగంగా అతని బుర్ర ఎన్నడూ పనిచేయలేదు.

"రాజ్యమత్తమ్మా, ట్రైనెందుకు? మా కారున్నది కదా" అన్నాడు. అక్కడితో ఆగలేదు. సాగనంపడానికి వచ్చిన ఇందిరాదేవిగారి వైపు తిరిగి, మీరు కూడా రావాలె, ఇయ్యాల రాత్రి భోజనం మా ఇంట్లనే, మళ్ల నేనే తెచ్చి దింపుత అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఒక మనిషిని ఇంటికి భోజనానికి పిలవడం అదే మొదటిసారి. పెద్దవాళ్ల ఎదుట, పిలిచిన పిలుపును వెనక్కి తీసుకోమనే ధైర్యం నిరుపమకు కూడా లేదు. పళ్ల బిగువున నవ్వి, తప్పకుండా రావాలి ఆంటీ అంది.

వెనకసీట్లో ముగ్గురు పెద్దవాళ్లు సర్దుకున్నారు. ఐరావతం బుద్ధిగా వంగింది.

తిరుగు ప్రయాణంలో రైలు పట్టాలు దాటారు. రాజ్యంగారు తన కోడలి సంగతి చెబుతున్నారు, ఇందిరాదేవిగారు తన కోడలి సంగతి చెబుతున్నారు. కామేశ్వరమ్మగారికి కోడళ్లు లేరు కాబట్టి కళ్లు మూసుకుని విన్నారు. స్పీడ్ బ్రేకర్లు ఒక్కొక్కటే వచ్చి తలొంచి వెళ్లిపోయాయి. ఇక మిగిలింది ఒక్కటే. నేరం జరిగిన మొదటి చోటు.

శ్రీపతి నడక వేగానికి దింపాడు. వెనకాల ఎవరో హారను కొట్టారు. ముందు చక్రాలు ఎక్కాయి, దిగాయి. వెనక చక్రాలు ఎక్కాయి. కారు ఒక్కసారి ఊయలలా పైకి లేచి, కిందికి జారింది.

"అబ్బ" అన్నారు కామేశ్వరమ్మగారు.

శ్రీపతి కారు ఆపేశాడు. నిరుపమ ఫోన్ తీసింది.

"అమ్మా, అన్నావు."

"అన్నానే. ఎంత హాయిగా ఉందో. చిన్నప్పుడు మా తాతగారి పడవ ఎక్కినట్టుంది. హాయిగా ఉంటే అనకూడదా ఏమిటి?"

ఎందుకన్నావన్నది కాదు, అన్నావా లేదా అన్నదే షరతు అంది నిరుపమ. చట్టం భార్య పక్షానే ఉందని శ్రీపతికీ తెలుసు. లోవర్ హట్ ప్లంబరు నంబరు తెర మీద మెరుస్తోంది.

అప్పుడు ఇందిరాదేవిగారు గొంతు సవరించుకున్నారు. ఆవిడ వరంగల్లులో ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. సంగతంతా విని, కామేశ్వరమ్మగారిని ఆ మాట మళ్లీ అనమన్నారు. ఆవిడ అన్నారు. ఇంకోసారి అనమన్నారు. అన్నారు.

"నిరుపమా, నువ్వు పెట్టిన షరతు ఏ మాట?"

"అబ్బా."

"అది నొప్పి మాట. నొప్పికి దీర్ఘం ఉంటుంది. మీ అమ్మ అన్నది అబ్బ. హాయికి దీర్ఘం లేదు. అది వేరే మాట."

నిరుపమ వాదించబోయింది. పరీక్ష పేపరు దిద్దే కళ్లతో ఇందిరాదేవిగారు చూసిన చూపుకు ఆగిపోయింది. ఇంగ్లీషు మీడియంలో చదివి, తెలుగు పేపరులో ముప్పై అయిదు మార్కులతో గట్టెక్కిన శ్రీపతి, జీవితంలో మొదటిసారి దీర్ఘానికి మనసులో దండం పెట్టుకున్నాడు.

కారు దక్కింది. అయితే తీర్పులో చిన్న అనుబంధం ఉంది. ఇంత హాయిగా ఉన్న బండి ఇంట్లో పడుండటం ఎందుకని, ప్రతి శనివారం పారాయణానికి ముగ్గుర్నీ అల్లుడుగారే తీసుకెళ్లి తీసుకురావాలని కామేశ్వరమ్మగారు సెలవిచ్చారు. ఆదివారాలు రాజ్యంగారికి కూరగాయల సంత ఉంది. గురువారాలు ఇందిరాదేవిగారికి బాబా గుడి. శ్రీపతి దేనికీ కాదనలేదు. యెస్ అన్నాడు, ఈసారి అన్నీ అర్థమయ్యే.

ఆ విధంగా, మూడు వందల గుర్రాల బలమున్న కారు నడక వేగంతో భక్తిమార్గంలో ప్రవేశించింది. సిగ్నళ్ల దగ్గర కుర్రాళ్లు పక్కకు వచ్చి ఇంజన్లు గర్జించి సవాలు చేస్తారు. శ్రీపతి కాలు తహతహలాడుతుంది. వెనక నుంచి మూడు గొంతులు ఒక్కసారిగా, నెమ్మదిగా బాబూ అంటాయి.

సోమవారం పొద్దున మాత్రం వెనకసీటు ఖాళీ. డిక్కీ ఖాళీ. మెత్తటి కమాన్లు ఇంకా రాలేదు. అయినా ఒంటరిగా, దర్జాగా ఆఫీసుకు బయల్దేరాడు శ్రీపతి. చాలాకాలానికి వీధంతా ఉలిక్కిపడింది. అద్దం పక్కన తగిలించిన ఫోన్లో నిరుపమ మాట్లాడుతోంది, సాయంత్రం వచ్చేటప్పుడు ఎక్కడైనా బియ్యం దొరుకుతాయేమో చూడమని. ఎనిమిది బస్తాలు కొన్న ఇంట్లో వారంగా చపాతీలే.

మాటల్లో పడి స్పీడ్ బ్రేకరును చూసుకోలేదు.

"అబ్బా!"



"ఏమన్నారు?"

"ఏం లేదు. హాయిగున్నది అంటున్న."

"దీర్ఘం వినపడిందండీ" అంది నిరుపమ.